దారికి ఎదురుగా సూరమ్మ

రాయికి ఎవరో పసుపు రాసిపోయారు.

చిట్టియ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని పాక ముందుకి వచ్చి అలాగే నిలబడిపోయాడు. నున్నగా నూరి, నూనె పట్టించి, గోదావరి రేవు నుంచి రాజమహేంద్రవరం ఊళ్ళోకి పోయే ప్రతి బండికీ కనబడేలా పాతిపెట్టిన నల్లరాయి పలక అది. దాని పైభాగమంతా పచ్చగా ఉంది. పసుపు అక్షరాల గాడుల్లోకి దిగి ఎండిపోయింది. పనీ పాటా లేని కుర్రవెధవలెవరో చేసి ఉంటారనుకుని, కొబ్బరిపీచు, చెంబుతో నీళ్ళు తెచ్చి తోమడానికి కూర్చున్నాడు. పసుపు ఒక పట్టాన వదల్లేదు.

చిట్టియ్య సమాధి రాళ్ళు చెక్కుతాడు. ఈ వ్యాపారంలో ఉన్న చిక్కేమిటంటే, గిరాకీ కోసం నోరు విప్పడానికి లేదు. గాజులవాడు వీధి వీధీ తిరిగి అరుస్తాడు. పెరుగమ్మేది అరుస్తుంది. "సమాధి రాళ్ళు" అని అరిచినవాడికి చీపురుకట్ట సిద్ధంగా ఉంటుంది. కిందటేడు చిట్టియ్య ఒక డప్పువాడిని పట్టుకుని దండోరా వేయించాడు కూడా. మొదటి సందులోనే ఎవరింట్లోనో బారసాల జరుగుతోంది. డప్పువాడు వీపు తడుముకుంటూ తిరిగొచ్చి కూలి రెట్టింపు అడిగాడు. పోనీ మంచిగా పలకరించి పరిచయం పెంచుకుందామని క్రైస్తవుల పేటలో జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్తే, అతన్ని చూడగానే తలుపు మూసేవారు.

అందుకని ఇక రాయే మాట్లాడాలని తీర్మానించుకున్నాడు. మచ్చుకి ఒక రాయి చెక్కి దారికి ఎదురుగా నిలబెడితే, చూసినవాళ్ళు చూస్తారు, అవసరమైనవాళ్ళు వస్తారు. కానీ సమాధి రాయి మీద ఒక పేరుండాలి. బతికున్నవాళ్ళెవరూ తమ పేరు ఇవ్వరు. చనిపోయినవాళ్ళలో, అడక్కుండా పేరు వాడుకోదగ్గ మనిషి అతనికి ఒక్కతే ఉంది. అలా ఆ రాయి మీదికి సూరమ్మ పేరు వచ్చింది. సూరమ్మ అతని భార్య.

"సూరమ్మ. భర్తకన్న ముందుగా ప్రభువునందు నిద్రించినది" అని పెద్ద అక్షరాలు. అడుగున కాస్త చిన్నవిగా "ఇటువంటి రాళ్ళు చెక్కువాడు చిట్టియ్య, రేవు దారి" అని.

రాయి మొహం దారి వైపు, వీపు పాక వైపు. చిట్టియ్య కూర్చుని పని చేసుకునే చోటి నుంచి దాని వీపే కనబడుతుంది.

తోమడం అయ్యాక ఉలులు నూరుకుంటూ రోజూ అనుకునే మాటలే పైకి అనుకున్నాడు. ఈ ఏడు పాకకి పెంకులు. పై ఏడు చేతికింద ఇద్దరు పనివాళ్ళు. ఆపైన కాకినాడ, ఓడల కంపెనీ దొరల సమాధులు. వినేవాళ్ళు లేరు కాబట్టి తనే చెప్పుకుని తనే వినేవాడు. ఇంట్లో ఇంకో గొంతు లేక చాలా కాలమైంది. ఒక్కోరోజు తను మాట్లాడిన మాట తనకే కొత్తగా వినిపించి, ఉలికిపడేవాడు.

అయితే ఈ వారం ఆ మాటలకి బలం వచ్చింది. మిషనువారు కొత్త గుడి కడుతున్నారు. పునాదిరాయి చెక్కే పనికి పాస్టరు ఏసురాజుగారు చిట్టియ్య పేరు చెప్పారు. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక దొరగారు స్వయంగా వచ్చి అతని చేతిపని చూస్తానన్నారట. గుడి మొహాన తన అక్షరాలు పడితే, ఇటు భీమవరం నుంచి అటు సామర్లకోట దాకా ఉన్న క్రైస్తవులందరూ తనని వెతుక్కుంటూ వస్తారు. ఆ తర్వాత దండోరాల అవసరం ఉండదు.

*

మర్నాడు పసుపుతోపాటు కుంకుమ కూడా ఉంది. రాయి నెత్తి మీద నందివర్ధనం పూలు, ముందర అరటాకు ముక్కలో చలిమిడి. ఈసారి చిట్టియ్య వెంటనే తోమలేదు. పాకలోకి పోయి, తడిక సందులోంచి దారి చూస్తూ కూర్చున్నాడు.

ఎండ పడేవేళకి ఒక చిన్నది వచ్చింది. తలంటుకున్న జుట్టు ఇంకా తడిగా ఉంది. చేతిలో పసుపు గిన్నె. రాయి ముందు గొంతుకూర్చుని, నిన్న అతను తోమగా పసుపు ఇంకా పలచగా ఉన్న చోట మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. బిడ్డ ఒంటికి నలుగు పెట్టినట్టు, ఓపిగ్గా, అక్షరాల అంచుల్ని వేలితో తడుముతూ రాసింది.

"ఏయ్ అమ్మాయ్, ఏంటి నువ్వు చేస్తున్న పని?" అన్నాడు చిట్టియ్య బయటికి వచ్చి.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. భయపడ్డట్టు లేదు. "పేరంటాలమ్మకి పసుపు రాస్తున్నానండి బాబాయిగారూ. నిన్నెవరో కడిగేశారండి. పాపం, తెలీకేమో."

"పేరంటాలమ్మా? ఏ పేరంటాలు?"

"సూరమ్మ పేరంటాలండి. పెనిమిటి ఉండగానే, ముత్తయిదువుగా వెళ్ళిపోయిందంటగదండి. బడికెళ్ళే పిల్లొకత్తి ఉంటే రాయి మీదుంది చదివించుకున్నానండి."

చిట్టియ్యకి నవ్వాలో కసరాలో తెలియలేదు. ఈ గోదావరి సీమలో భర్త బతికుండగా పోయిన ఆడమనిషి పేరున రాయి పాతి, పసుపు కుంకుమ పెట్టి కొలవడం అతనికి తెలియని సంగతి కాదు. క్రైస్తవ మతంలో చేరకముందు అతని తల్లీ అలాంటి రాళ్ళకి మొక్కినదే. తను చెక్కిన మచ్చురాయికి ఆ గౌరవం వస్తుందని మాత్రం అతను కల్లో కూడా అనుకోలేదు.

"అది దేవతా కాదు, పేరంటాలూ కాదమ్మా. బేరం కోసం పెట్టిన రాయి. కింద నా పేరుంది చూడు."

ఆమె కిందికి చూసింది. పైవైనా కిందివైనా చదువురాని ఆమెకి ఒకటే. "పేరైతే సూరమ్మదేగదండి. రాయి మీద లేనిపోనిది రాయరుగదండి ఎవరూ."

"లేనిపోనిది కాదు" అన్నాడు చిట్టియ్య. ఆ మాట అతని నోటి నుంచి అనుకోకుండా వచ్చింది.

ఆమె పేరు వీరవేణి. మొగుడు గోదావరి మీద కడుతున్న రైలువంతెన పనిలో ఉన్నాడు. నది అడుగున స్తంభాల కోసం దింపే బావుల్లోకి దిగి మట్టి తోడతాడు. దిగినవాడు పైకి వచ్చేదాకా నమ్మకం లేదు. మొన్న ఒకడిని తాడుతో పైకి లాగేసరికి ఊపిరి లేదట.

"ఆయనకన్నా ముందు నన్ను తీసికెళ్ళిపొమ్మని మొక్కుకుంటున్నానండి. ఆవిడకి దొరికిందిగదండి ఆ అదృష్టం" అంది వీరవేణి, రాయి వైపు చూస్తూ.

చిట్టియ్య కూడా రాయి వైపు చూశాడు. ముందు పోయినదానిది అదృష్టం. మరి వెనక మిగిలినవాడిది ఏమిటో ఈ పిల్లని అడగాలనిపించింది. వండుకున్నది ఒక్కడూ తినలేక సగం కుక్కకి పెట్టడం, జ్వరం వస్తే గోడకి తిరిగి పడుకోవడం, మాట్లాడాలనిపిస్తే ఉలికి చెప్పుకోవడం ఎవరి అదృష్టమని అడగాలనిపించింది. పిల్ల మొహం చూసి ఊరుకున్నాడు.

"ఎలా ఉండేదండి ఆవిడ? మీకు తెలుసాండి?" అని అడిగింది వీరవేణి.

సూరమ్మ పోయాక, ఆమె గురించి అతన్ని ఎవరైనా ఏమైనా అడగడం ఇదే మొదటిసారి. "పొడుగ్గా ఉండేది" అన్నాడు. ఇంకా చెప్పాలని చూశాడు. మిషనులో అక్షరాలు నేర్చుకుని వచ్చి, తిరగలి పిండి నేల మీద పరిచి, వేలితో రాసి చూపించేది. అతను తిరగళ్ళకి గంట్లు కొట్టుకుని బతికే రోజులవి. ఆ చేతికి అక్షరం చెక్కడం రాదా ఏంటి అనేది. అదంతా దాటవేసి, "తెలుసులే. ఎరిగున్న మనిషే" అనేసి లోపలికి పోయాడు.

పసుపు ఆ రోజు తోమలేదు.

*

ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. రేవులో నీళ్ళకి వెళ్ళేవాళ్ళు, వంతెన కూలీల ఇళ్ళవాళ్ళు, కోమటి వీధి వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. రాయి చుట్టూ ఎవరో పేడతో అలికి ముగ్గు పెట్టారు. చేతికి కొత్త గాజులు వేయించుకున్న ప్రతివాళ్ళూ ఒక గాజు తెచ్చి రాయి పక్కన పెట్టిపోతున్నారు.

ఆడవాళ్ళు ఆగిన చోట మగవాళ్ళూ ఆగుతారు. ఆగినవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు అడుగు పంక్తి కూడా చదువుతారు. పెనుగొండ నుంచి పడవ మీద వచ్చిన వర్తకుడొకాయన అలాగే చదివి, తన తండ్రి పేరున కట్టించే సత్రానికి రాతిపలక కావాలని చెప్పి బయానా ఇచ్చిపోయాడు. సుభద్రమ్మగారని భీమవరం వైపు రాజులావిడ పల్లకీ ఆపించి, తులసికోటకి పేరు చెక్కుతావా అని కబురంపింది. ఏడాది పాటు డప్పులకీ పలకరింపులకీ లొంగని గిరాకీ, చిటికెడు పసుపుకి నడిచి వచ్చింది.

చిట్టియ్య తెలివితక్కువవాడు కాదు. పొద్దున్నే లేచి, రాయి పైభాగం జోలికి పోకుండా అడుగు పంక్తి ఒక్కటే తడిగుడ్డతో తుడిచి మెరిపించేవాడు. పూలదండ కిందికి జారి తన పేరుని కప్పేస్తే, దాన్ని పైకి జరిపేవాడు. అలా జరుపుతున్నప్పుడు ఒకసారి వేళ్ళు సూరమ్మ పేరుకి తగిలాయి. ఆ చెయ్యి అక్కడ ఉంచడానికి సిగ్గేసింది.

నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం ఏసురాజు పాస్టరుగారు వచ్చారు. గొడుగు ముడిచి, రాయిని, ముగ్గుని, గాజుల్ని ఒక్కొక్కటిగా చూశారు. మంచి మనిషి. కేకలు వేసే రకం కాదు.

"ఇదేంటి చిట్టియ్యా?"

"నేను పెట్టింది కాదండి అయ్యగారూ. ఆడాళ్ళు వచ్చి పెట్టిపోతున్నారండి."

"నువ్వు తీసేస్తున్నావా?"

చిట్టియ్య తల వంచుకున్నాడు.

"ఆదివారం దొరగారు వస్తారు. ఇది చూస్తే పునాదిరాయి నీకివ్వరు. ఇవ్వమని నేనూ చెప్పలేను. మద్రాసులో ఎవరో పనివాడున్నాడని ఆయన అంటూనే ఉన్నారు" అన్నారు పాస్టరుగారు. తర్వాత గొంతు తగ్గించి, "రాయి పగలగొట్టమనట్లేదు నేను. తీసికెళ్ళి ఆమె సమాధి మీద పెట్టు. అక్కడ ఉండాల్సిన రాయే కదా ఇది. ఇన్నాళ్ళూ అక్కడెందుకు లేదో నాకు అర్థం కావట్లేదు" అన్నారు.

ఆయన వెళ్ళిపోయారు. చిట్టియ్య ఉలి పట్టుకున్నాడు కానీ దెబ్బ పడలేదు. ఎందుకు లేదో అతనికి తెలుసు. మొదట రాయి కొనే స్తోమతు లేదు. రాయి వచ్చాక, నాలుగు బేరాలు కుదరనీ అనుకున్నాడు. కుదిరాక, పెంకుటి కప్పు పడనీ అనుకున్నాడు. మంచి రాయి ఒక్కటే ఉంది, దాన్ని దారి మీద నుంచి తీస్తే వ్యాపారం పడుకుంటుంది. సూరమ్మ ఎక్కడికి పోతుంది, ఆగుతుందిలే అనుకున్నాడు. బతికున్న రోజుల్లోనూ ఆమె ఎప్పుడూ ఆగేది.

*

శనివారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, గునపంతో రాయిని పెకలించి, తెలిసినవాడి ఒంటెద్దు బండి మీద గడ్డి పరిచి పడుకోబెట్టాడు. పసుపు కడగలేదు. సమాధుల దొడ్డి ఊరి బయట, కాలవ గట్టు దిగువన ఉంది. బండి తోలుకుంటూ వెళ్తుంటే అతనికి మనసు తేలికపడ్డట్టే అనిపించింది. రాయి చేరవలసిన చోటికి చేరుతుంది. పునాదిరాయి దక్కుతుంది. ఇద్దరికీ మంచిదే అనుకున్నాడు.

దొడ్డిలో అడుగుపెట్టగానే తన అక్షరాలే పలకరించాయి. ఇటు పక్క ఉపదేశి తల్లిది, అటు పక్క బడి మేష్టరు కొడుకుది, ఆ మూల కలెక్టరు కచేరీ గుమాస్తాది. ప్రతి రాయి దగ్గరా ఏ అక్షరం దగ్గర ఉలి జారబోయిందో కూడా గుర్తుంది. వాటిని దాటుకుని కాలవ వైపు పల్లానికి వెళ్ళాడు.

అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

మోకాలెత్తు తుంగ గాలికి ఊగుతోంది. చిట్టియ్య ఇటు నడిచాడు, అటు నడిచాడు. ఒక తుమ్మచెట్టు ఉండాలి. తుమ్మచెట్టుకి ఎడమవైపు. వాంతిభేది వచ్చిన ఏడు అది. ఒకే పూట ఎందరినో పాతిపెట్టారు. ప్రతి కుప్ప మీదా కట్టెలతో సిలువ గుచ్చారు. తను గుచ్చినది వెదురుది. వెదురు బద్దకి సూరమ్మ చీర అంచు చింపి కట్టాడు.

సమాధుల కాపరి ఆశీర్వాదం చుట్ట కాల్చుకుంటూ వచ్చాడు. "ఎవరి కోసం వెతుకుతున్నావు చిట్టియ్యా?"

"సూరమ్మ కోసం."

ఆశీర్వాదం చుట్ట నోట్లోంచి తీశాడు. "ఇప్పుడా?" అన్నాడు. ఎత్తిపొడవాలని అన్న మాట కాదది. "ఆ పై ఏడు గట్టు తెగి వరద ఈ పల్లమంతా తిరిగిందిగదయ్యా. చెట్టూ పోయింది, సిలవలూ పోయాయి. మట్టి కూడా జరిగిపోయింది. నాకే తెలీదు ఎవరెక్కడున్నారో. అప్పుడే రాయి పాతినవాళ్ళవి మాత్రం నిలబడ్డాయి."

చిట్టియ్య గడ్డిలో కూలబడ్డాడు. ఊళ్ళో చచ్చిన ప్రతివాడికీ గుర్తు పెట్టిన చెయ్యి ఇది. సొంత మనిషిని ఎక్కడ పెట్టాడో ఆ చేతికే తెలియదు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. ఎండ మాత్రం వీపు మీద కాలుతోంది.

"పోనీలే, ఓ జాగా చూసి పాతెయ్యి. ఇక్కడిక్కడేగా ఉండేది. ఎవరొచ్చి అడుగుతారు?" అన్నాడు ఆశీర్వాదం జాలిగా.

చిట్టియ్య లేచి గునపం తీసుకున్నాడు. కాస్త ఎత్తుగా కనబడిన చోట మొదటి పోటు వేశాడు. మట్టి మెత్తగా దిగింది. రెండో పోటుకి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఈ మట్టి కింద ఉన్నది ఎవరి తల్లో, ఎవరి బిడ్డో. వాళ్ళ గుండె మీద సూరమ్మ పేరు పెట్టి వెళ్ళిపోతే, ఆదివారం దొరగారి ముందు చేతులు కట్టుకుని నిలబడవచ్చు. ఎవరూ అడగరు కూడా. ఎవరూ అడగకపోబట్టే ఇన్నాళ్ళు గడిచిపోయింది.

గునపంతో తవ్విన మట్టిని కాలితో సర్ది, అరచేత్తో చదును చేసి, బండి వెనక్కి తిప్పాడు.

*

పాక దగ్గర వీరవేణి ఉంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ ఉన్నారు. రాయి తీసిన గుంట పక్కన కూర్చుని ఉంది వీరవేణి. గుంట అంచు చుట్టూ ముగ్గు చెరిగిపోయి ఉంటే మళ్ళీ సరిచేసింది. బండి మీద రాయిని చూసి లేచి నిలబడింది.

ఆడవాళ్ళు ఒక చెయ్యి వేస్తే చిట్టియ్య రాయిని దింపి, అదే గుంటలో నిలబెట్టాడు. అయితే నిలబెట్టేముందు దాన్ని ఇటు తిప్పాడు. మొహం పాక వైపు, వీపు దారి వైపు. మట్టి పోసి, తొక్కి, గట్టిపరిచాడు. తర్వాత లోపలికి పోయి సుత్తి, వెడల్పు ఉలి తెచ్చుకుని రాయి ముందు గొంతుకూర్చున్నాడు.

"ఏం చేత్తన్నారండి?" వీరవేణి అతని చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "ఆవిడ జోలికి వెళ్ళకండి బాబాయిగారూ. మీకు పుణ్యముంటాది."

"ఆవిణ్ణేం చెయ్యనమ్మా. నువ్వు పక్కకి జరుగు, కంట్లో పొడి పడుతుంది."

ఉలిని అడుగు పంక్తి మీద ఆనించి సుత్తి వేశాడు. "ఇటువంటి రాళ్ళు" పోయాయి. "చెక్కువాడు" పోయింది. సొంత పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. ఎన్ని రోజులు నూరి తీర్చిన అక్షరాలో అవి. రాయి మొత్తం మీద అన్నిటికన్నా శ్రద్ధగా చెక్కినవి అవేనని, ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఇప్పుడు తెలిసింది. సూరమ్మ పేరులో ఒక గీత వంకర పోయింది. అది అతను ఎప్పుడూ గమనించలేదు.

పొడి ఊది, గరుకు రాయితో రుద్ది, తడిగుడ్డతో తుడిచాడు. అడుగున ఖాళీ పట్టీ మిగిలింది. మర్నాడు దొరగారు రానే రాలేదు. రాయి మళ్ళీ అక్కడే ఉందని పాస్టరుగారు ముందే చెప్పేశారు. పునాదిరాయి మద్రాసు పోయింది. అది తర్వాతి మాట.

"ఏంటండి తీసేశారు?" అంది వీరవేణి.

"నా పేరు."

"మీ పేరెందుకుందండి ఆవిడ రాయి మీద? ఆవిడ మీకేవవుతారండి?"

చిట్టియ్య సుత్తి కింద పెట్టాడు. అరచేతికి అంటిన పసుపు చూసుకున్నాడు. "మా ఇంటిదమ్మా" అన్నాడు.

మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీరవేణి రాయి వైపు చూసింది, ఒంటరి పాక వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసింది.

"ఆవిడకి మొక్కేటప్పుడు, పెనిమిటి ఎంత మంచోడో అనుకునేదాన్నండి" అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ ఆవిణ్ణి అలా ఎండలో దారి మీద నిలబెట్టింది మీరేనాండి?"

ఆమె మాటలో కోపం లేదు. చిట్టియ్య తల ఊపాడు. వీరవేణి పసుపు గిన్నె అతని పక్కన నేల మీద పెట్టి, ఆడవాళ్ళతో కలిసి రేవు వైపు వెళ్ళిపోయింది. అతను గిన్నెని ముట్టుకోలేదు, తీసి పక్కన పెట్టనూ లేదు. రాయికి ఎదురుగా, పనిచేసే చోట కూర్చుని, పిండిలో సూరమ్మ రాసి చూపించిన రోజుల్లో లాగా, వేలితో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఆమె పేరు చదివాడు.